సంతకం ఎవరిది? జీవసాంకేతికత, దోపిడి, డిస్టోపియన్ కథలు

పాతసంచిక

సభ్యులందరికీ నమస్కారం. అదుపు తప్పిన జీవసాంకేతికత, దానితో ముడిపడిన దోపిడి మీద వచ్చిన డిస్టోపియన్ కథల గురించి, అంటే చెడిపోయిన భవిష్యత్తును ఊహించి చూపే కథల గురించి మాట్లాడుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. నవలల జోలికి వెళ్లకుండా వీలైనంత వరకు కథలకే పరిమితమవుదాం. నవలలో రచయితకు ఒక లోకాన్ని మొత్తం కట్టి చూపించే తీరిక ఉంటుంది. కథకు ఆ వెసులుబాటు లేదు కనుక, దోపిడి జరిగే ఒకే ఒక్క చోటును ఎంచుకొని అక్కడ దీపం పెట్టాలి. ఆ చోటు ఏదన్నదే నా ప్రశ్న.

ముందుగా లారీ నివెన్ 1967లో ప్రచురించిన ‘ది జిగ్‌సా మ్యాన్’ కథను తీసుకుంటున్నాను. లూ అనే యువకుడు విచారణ కోసం ఎదురుచూస్తూ జైలు గదిలో ఉంటాడు. ఆ కాలానికి శరీరంలోని ఏ అవయవాన్నైనా మరొకరికి అమర్చవచ్చు. మరణశిక్ష పడిన వారి శరీరాలను విడదీసి అవయవాల బ్యాంకులో భద్రపరుస్తారు. ప్రతి ఓటరూ ఎక్కువ కాలం బతకాలని కోరుకుంటాడు కాబట్టి, ఆ బ్యాంకు ఎప్పుడూ నిండుగా ఉండేటట్లు చట్టసభలు చిన్న నేరాలకు కూడా మరణశిక్ష విధిస్తూ వస్తాయి. అనుకోని పేలుడు వల్ల లూ జైలు నుంచి తప్పించుకుంటాడు, కాని చేరిన చోటు పక్కనే ఉన్న ఆసుపత్రి. ఎలాగూ చావు తప్పదని తెలిసి, ఆ శిక్షకు తగిన నేరమైనా చేసి పోదామని అవయవాలు దాచిన తొట్లను పగలగొడతాడు. తీరా న్యాయస్థానంలో ఆ విధ్వంసాన్ని ఎవరూ ప్రస్తావించరు, ఎందుకంటే మొదటి అభియోగమే మరణశిక్షకు సరిపోతుంది. ఆ అభియోగం ఏమిటో కథ చివర మాత్రమే మనకు తెలుస్తుంది: ఎర్రదీపం పడినా వాహనం ఆపకపోవడం, అతివేగంగా నడపడం వంటి రహదారి ఉల్లంఘనలు.

ఈ కథలో దుర్మార్గుడైన శాస్త్రవేత్త ఒక్కడూ లేడు. వైద్యులు ప్రాణాలు కాపాడుతున్నారు, న్యాయమూర్తి చట్టాన్ని అమలు చేస్తున్నాడు, ప్రజలు ఓటు వేస్తున్నారు. ఎవరి పని వారు చక్కగా చేయడం వల్లనే అక్కడ మనిషి ముక్కలవుతున్నాడు. ఈ కథ వచ్చిన 1967లోనే డిసెంబరు 3న కేప్‌టౌన్‌లో క్రిస్టియాన్ బర్నార్డ్ ఒక మనిషి గుండెను మరొక మనిషికి మొట్టమొదటిసారి అమర్చాడు. మరణశిక్ష పడిన ఖైదీల అవయవాలను మార్పిడికి వాడుతున్నట్లు చైనా ఆరోగ్యశాఖ ఉపమంత్రి 2005లో బహిరంగంగా ఒప్పుకున్నారు. కథ జోస్యం చెప్పిందని మెచ్చుకోవడం నా ఉద్దేశం కాదు. శాస్త్రం ఆగిపోయి దోపిడి మొదలయ్యే చోటు చట్టమని నివెన్ సరిగ్గా గుర్తించాడని నా అభిప్రాయం. మీరేమంటారు?

కణశాల

పాతసంచిక గారికి నమస్కారం. నేను హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో పందొమ్మిది సంవత్సరాలుగా కణాలను పెంచే పనిలో ఉన్నాను. మీరు ఎంచుకున్న కథ నాకు ఎంతో ఇష్టం, అందులో శాస్త్రవేత్తను బోనెక్కించకపోవడమే అందుకు మొదటి కారణం. అయితే మీ మొదటి వాక్యంలోని ‘అదుపు తప్పిన’ అన్న విశేషణం గురించి నా అభ్యంతరాన్ని ఇక్కడ నమోదు చేయాలనుకుంటున్నాను.

నథానియల్ హాథార్న్ 1844లో రాసిన ‘రప్పాచినీస్ డాటర్’ నుంచి నేటి వరకు ఈ కోవ కథల్లో ఒకే బొమ్మ మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. తోటలో విషపు మొక్కలు పెంచే పండితుడు ఉంటాడు, ఆ విషంతోనే పెరిగి తాకిన వారికి ప్రమాదమైపోయిన కూతురు ఉంటుంది. హాథార్న్ రాసిన తీరు గొప్పది, కాదనను. కాని ఆ బొమ్మ పాఠకుల మనసులో స్థిరపడిన తరువాత, ప్రయోగశాల అనగానే తలుపులు మూసుకొని దేవుడి పని చేసే ఒంటరి మనిషే గుర్తుకు వస్తున్నాడు. మా పనిలో ఒంటరితనం ఎక్కడిది? 1975లో అమెరికాలోని అసిలమార్‌లో సమావేశమై, డీఎన్‌ఏను అతికించే ప్రయోగాలకు జాగ్రత్తలు ఏర్పరచుకున్నది శాస్త్రవేత్తలే. అంతకుముందు కొన్ని రకాల ప్రయోగాలను తమంతట తాము ఆపుకున్నదీ వారే. పందుల, పశువుల క్లోమం నుంచి తీసే ఇన్సులిన్ స్థానంలో, బ్యాక్టీరియా చేత తయారుచేయించిన మానవ ఇన్సులిన్ 1982లో అమెరికాలో అనుమతి పొందింది. హెపటైటిస్-బి టీకాను మన దేశంలో డీఎన్‌ఏను అతికించే పద్ధతిలో తొలిసారి తయారుచేసి 1997లో విడుదల చేసింది హైదరాబాదులోనే. అంతకుముందు దిగుమతి టీకా ధర సామాన్యుడికి అందేది కాదు.

కాబట్టి అదుపు అనేది ఎవరి చేతిలో తప్పిందో కథ చెప్పాలి. అది చెప్పని కథ భయాన్ని మాత్రమే మిగులుస్తుంది. ఆ భయం చివరకు టీకా వేయించుకోవలసిన పిల్లల మీద పడుతుంది.

శారద_తెనాలి

కణశాల గారి బాధ నాకు అర్థమైంది. అయితే శాస్త్రవేత్త స్వయంగా రాసిన కథ ఒకటి ఇక్కడ చర్చకు తప్పక రావాలి. జూలియన్ హక్స్‌లీ పేరు మీకు నాకంటే బాగా తెలుసు. జీవశాస్త్రవేత్త, 1946లో యునెస్కోకు మొదటి డైరెక్టర్ జనరల్ అయిన వ్యక్తి. ఆయన 1926లో ‘ది టిష్యూ-కల్చర్ కింగ్’ అనే కథ రాశారు. హాస్‌కోంబ్ అనే ఆంగ్లేయ పరిశోధకుడు ఆఫ్రికాలో ఒక రాజ్యంలో బందీ అవుతాడు. ప్రాణం కాపాడుకోవడానికి అక్కడి నమ్మకాలనే ఆధారం చేసుకొని, పవిత్రుడైన రాజు శరీరం నుంచి తీసిన కణాలను గాజు పాత్రల్లో పెంచి, ఇంటింటా రాజు శరీరంలో ఒక భాగాన్ని పూజకు పెట్టుకొనే ఏర్పాటు చేస్తాడు. అలెక్సిస్ కారెల్ కోడిపిల్ల పిండం గుండె నుంచి తీసిన కణాలను 1912 నుంచి సజీవంగా పెంచుతున్నట్లు ప్రకటించిన కాలం అది. హక్స్‌లీ ఊహ పూర్తిగా గాలిలోంచి పుట్టింది కాదు.

ఈ కథలో నన్ను ఆపేసినది గాజు పాత్రలో ఉన్న రాజు కాదు, హాస్‌కోంబ్. అతను చెడ్డవాడు కాదు. కావలసినన్ని పరికరాలు, అడ్డు చెప్పేవారు లేని స్వేచ్ఛ, చేతినిండా పని దొరికేసరికి, తన పని ఎవరి అధికారాన్ని పెంచుతోందో అడగడం మానేస్తాడు. అది అదుపు తప్పడం కాదా? అడిగే మనిషి ఒక్కరూ లేని గదిలో పని చేయడమే అదుపు తప్పడమని నేను అనుకుంటాను.

ఇందులో ఒక లోపం గురించి కూడా చెప్పకుండా ఉండలేను. ఆ రాజ్య ప్రజలను హక్స్‌లీ వలసపాలకుడి కళ్లతోనే చూశారు. కథలో వారికి ముఖాలు లేవు, మూఢనమ్మకాలు మాత్రమే ఉన్నాయి. దోపిడి గురించి రాస్తూనే దోపిడికి గురయ్యే వారిని మనుషులుగా చూడలేకపోవడం ఈ కథకు పెద్ద వెలితి. మనుషుల్లో ‘మేలు జాతి’ని పెంచాలనే యూజెనిక్స్ ఉద్యమంతో ఆయనకున్న సంబంధం తెలిసినవారికి, అంటే 1959 నుంచి 1962 వరకు ఆయన బ్రిటన్‌లోని యూజెనిక్స్ సొసైటీకి అధ్యక్షులుగా ఉన్నారని తెలిసినవారికి, ఆ వెలితి యాదృచ్ఛికంగా కనిపించదు.

నడిగడ్డ

అందరికీ నమస్కారం. నేను సాహిత్యం చదువుకున్నవాడిని కాదు. గద్వాల ప్రాంతంలో, కృష్ణా తుంగభద్రల మధ్య పుట్టి పెరిగాను. పావొలో బాచిగలూపీ 2005లో ప్రచురించిన ‘ది కేలరీ మ్యాన్’ కథను నా అన్న కొడుకు నాకు చదివి వినిపించాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

కథ జరిగేది చమురు అయిపోయిన అమెరికాలో. పశువులు, మనుషులు తిన్న తిండి నుంచి వచ్చే బలాన్ని స్ప్రింగుల్లో బిగించి, దానితోనే పడవలు, యంత్రాలు నడుపుతారు. అంటే గింజే ఇంధనం. తెగుళ్లు, పురుగులు పాత పంటలన్నింటినీ తుడిచిపెట్టాయి. నిలబడేవి కంపెనీల గింజలే, అవి మొలకెత్తని గింజలు. పంట పండుతుంది, తినవచ్చు, అమ్మవచ్చు, కాని దాచుకొని మళ్లీ నాటడానికి వీలులేదు. భారతదేశంలో పుట్టి అక్కడ బతుకుతున్న లాల్జీ అనేవాడు, కంపెనీ నుంచి బయటపడిన ఒక శాస్త్రవేత్తను దొంగచాటుగా మిసిసిపీ నది మీదుగా తీసుకురావడానికి పడవ వేసుకొని వెళతాడు. ఆ శాస్త్రవేత్త వద్ద ఉన్న రహస్యం ఒక్కటే, మొలకెత్తే గింజ.

మొలకెత్తని గింజ ఊహ మాత్రమే కాదు. 1998 మార్చిలో అమెరికాలో ఒక విత్తన కంపెనీకి, ఆ దేశ వ్యవసాయ శాఖకు కలిపి దాని మీద పేటెంటు ఇచ్చారు. ‘టెర్మినేటర్’ విత్తనమని మన పత్రికలు రాసింది దాని గురించే. ఆ సంవత్సరమే వరంగల్ జిల్లాలో పత్తి రైతులు వరుసగా ప్రాణాలు తీసుకున్నారు కనుక, ఆ పేరు వినగానే ఊళ్లలో వణుకు పుట్టింది. 2000లో జీవవైవిధ్య ఒప్పందం కింద దేశాలు దాన్ని పొలంలోకి రానీయకుండా నిలిపివేశాయి. మన దేశంలో 2001లో వచ్చిన మొక్కల రకాల, రైతు హక్కుల రక్షణ చట్టం అటువంటి విత్తనానికి నమోదు ఇవ్వకూడదని చెప్పింది. విత్తనం దాచుకునే హక్కు, నాటుకునే హక్కు, పక్కవాడికి ఇచ్చే హక్కు రైతుకు ఉన్నాయని కూడా ఆ చట్టంలోనే రాశారు.

ఇక్కడే నా మాట వినండి. పురుగును తట్టుకునేలా జన్యువు చేర్చిన బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చినప్పుడు అది హైబ్రిడ్ విత్తనంగా వచ్చింది. హైబ్రిడ్ పంట గింజను దాచి నాటితే తల్లిదండ్రుల గుణాలు చెదిరిపోతాయి, కాపు తగ్గుతుంది. అందువల్ల టెర్మినేటర్ రాకపోయినా, చట్టంలో హక్కు రాసి ఉన్నా, రైతు ప్రతి సంవత్సరం దుకాణానికి పోవలసిందే. 450 గ్రాముల ప్యాకెట్ ధర రూ. 1,600 దాటి ఉన్న రోజుల్లో, 2006లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసు వేసి, ధరను రూ. 750కి దించింది. కథలో కంపెనీ మనుషులు తుపాకులతో కాపలా కాస్తారు. మా దగ్గర అంత అవసరం ఎన్నడూ రాలేదు, అప్పు పుస్తకమే ఆ పని చేసింది.

ఇంకొక సంగతి ఆ కథలో లేదు, బహుశా ఏ కథలోనూ లేదు. ఆ హైబ్రిడ్ గింజ ఎలా పుడుతుంది? మా నడిగడ్డలో దాన్ని సీడ్ పత్తి అంటారు. ఆడ వరసలోని ప్రతి మొగ్గను సాయంత్రం చేతితో విప్పి, లోపలి మగ భాగాన్ని గిల్లి తీసివేయాలి. మర్నాడు పొద్దున మగ వరస పువ్వు తెచ్చి పుప్పొడి రుద్దాలి. దీన్ని క్రాసింగ్ అంటారు. యంత్రంతో అయ్యే పని కాదు. మొక్కకు రోజూ కొత్త మొగ్గలు వస్తాయి, ఒక్కటి తప్పినా విత్తనంలో కల్తీ. చిన్న వేళ్లు, పొట్టి ఎత్తు ఉన్నవారికి ఈ పని సులువని చెప్పి ఆడపిల్లలను పెట్టేవారు. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు, ఆగస్టు వచ్చిందంటే మా తరగతిలో ఆడపిల్లల వరస సగం ఖాళీ అయ్యేది. మందు కొట్టిన చేలో పొద్దున్నే వంగి పనిచేసి, మధ్యాహ్నానికి తలనొప్పి అని గట్టు మీద పడుకొనేవారు. అంత ఖరీదైన జన్యువు చివరకు ఒక పన్నెండేళ్ల పిల్ల గోటి మీదుగా నడవవలసి వచ్చింది.

న్యాయపుటలు

నడిగడ్డ గారి ఉత్తరం చదివిన తరువాత వెంటనే ఏమీ రాయలేకపోయాను. ఈ చర్చకు నేను చేర్చగలిగినది చట్టం వైపు నుంచి రెండు మూడు విషయాలు మాత్రమే.

ప్రాణమున్న దాన్ని సొత్తుగా చేసుకోవచ్చా అన్న ప్రశ్నకు 1980లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 ఆధిక్యంతో అవునని జవాబు చెప్పింది. ఆ వ్యాజ్యంలో ఉన్నది చమురును విచ్ఛిన్నం చేసే బ్యాక్టీరియా. దాన్ని రూపొందించిన ఆనంద మోహన్ చక్రవర్తి బెంగాల్‌లో పుట్టినవారు. ఆ తీర్పు తరువాత జన్యువుల మీద, విత్తనాల మీద, కణాల మీద పేటెంట్లకు దారి తెరుచుకుంది. 1990లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ముందుకు జాన్ మూర్ అనే రోగి వ్యాజ్యం వచ్చింది. రక్తపు క్యాన్సర్‌కు చికిత్స చేసిన వైద్యుడు, తొలగించిన ప్లీహం నుంచి ప్రయోగశాలలో ఎడతెగక పెరిగే ఒక కణపరంపరను తయారుచేసి పేటెంటు పొందాడు, రోగికి ఆ మాట చెప్పలేదు. చెప్పకపోవడం తప్పేనని, దానికి దావా వేయవచ్చని న్యాయస్థానం అంగీకరించింది. అయితే శరీరం నుంచి వేరైన ఆ కణాలు మూర్ ఆస్తి కావని కూడా చెప్పింది. అంటే వైద్యుడికి, విశ్వవిద్యాలయానికి ఆస్తి కాగలిగిన కణాలు, అవి ఎవరి ఒంట్లో పుట్టాయో ఆ మనిషికి మాత్రం ఆస్తి కాలేదు.

దానికి చాలా ముందే, 1951లో బాల్టిమోర్‌లో హెన్రియెట్టా ల్యాక్స్ అనే నల్లజాతి స్త్రీ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో ఆసుపత్రిలో చేరినప్పుడు ఆమె కణాలను అడగకుండా తీసుకున్నారు. ఆ కణాలు ఈనాటికీ ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో పెరుగుతున్నాయి. కుటుంబానికి ఆ సంగతి తెలిసింది ఆమె చనిపోయిన రెండు దశాబ్దాల తరువాత. ఆ కణాలతో వ్యాపారం చేసిన ఒక సంస్థ 2023లో వారసులతో రాజీ చేసుకుంది. శారద గారు చెప్పిన కథలో రాజు కణాలు ఇంటింటికీ చేరాయి, పూజలు అందుకున్నాయి. ఇక్కడ కణాలు ఖండాలు దాటాయి, ఆమె సమాధికి మాత్రం ఎన్నో ఏళ్లపాటు పేరు చెక్కిన రాయి కూడా లేదు.

కణశాల

న్యాయపుటలు గారు ప్రస్తావించిన హెన్రియెట్టా ల్యాక్స్ కణాలతో నేను కూడా పనిచేశాను. ఆ గాజు పాత్రలను తొలిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు ఆమె పేరు నాకు ఎవరూ చెప్పలేదు, ‘హీలా’ అనే సంకేతంగా మాత్రమే తెలుసు. ఇప్పుడు నా వద్ద చేరే విద్యార్థులకు మొదటి రోజే ఆమె పేరు చెబుతున్నాను. నా మొదటి ఉత్తరంలోని వాదనను పూర్తిగా వెనక్కి తీసుకోవడం లేదు, కాని శాస్త్రవేత్తలు సమావేశమై నియమాలు రాసుకున్నప్పుడు ఆ గదిలో ఎవరు లేరన్న ప్రశ్నను నేను అడగలేదని ఒప్పుకుంటున్నాను. అసిలమార్ చర్చ ముఖ్యంగా సూక్ష్మజీవులు బయటపడితే కలిగే ప్రమాదం చుట్టూ జరిగింది. ఎవరికి సొంతం, ఎవరి శ్రమ, ఎవరి ఒప్పుదల అన్నవి అక్కడ ప్రధాన విషయాలు కాలేదు.

భద్రాద్రి

ఒప్పుదల అన్న మాట వచ్చింది కనుక మా జిల్లా సంగతి చెప్పాలి. కణశాల గారూ, టీకా మీద భయం పుట్టించడం నా ఉద్దేశం కాదని ముందే మనవి చేస్తున్నాను. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకొనే టీకా మంచిదని నేను నమ్ముతాను, నా మేనకోడలికి వేయించాను కూడా.

2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు, దాదాపు 14,000 మందికి, ఆ టీకా వేసే అధ్యయనం మొదలైంది. వారిలో ఎందరో ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన బాలికలు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలు రావడంతో 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపివేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలింది. కాని అదే విచారణ అంగీకార పత్రాలను తిరగేసినప్పుడు వేరే నిజం బయటపడింది. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 పత్రాల్లో 2,763 పత్రాల మీద సంతకం చేసింది హాస్టల్ వార్డెన్లు. 1,948 పత్రాల మీద వేలిముద్రలు ఉన్నాయి. పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో దీని మీద కఠినంగా నివేదిక ఇచ్చింది.

ఆ పిల్లల తల్లిదండ్రులు కొండల్లో ఉంటారు, పోడు చేసుకుంటారు, పండుగకు వచ్చి పిల్లలను తీసుకువెళతారు. వార్డెన్ దుర్మార్గుడని నేను అనడం లేదు. అన్నం పెట్టేది ఆయనే, జ్వరం వస్తే ఆసుపత్రికి తీసుకువెళ్లేది ఆయనే. పై నుంచి కాగితం వచ్చింది, సంతకం చేశాడు. పాతసంచిక గారు నివెన్ కథ గురించి చెప్పినదే ఇక్కడ కూడా నాకు కనిపిస్తోంది. అందరూ తమ పని తాము చేశారు. తల్లి చెప్పవలసిన మాట చోట మరొకరి సంతకం వచ్చి కూర్చుంది.

నేను కథ రాయగలిగితే ప్రయోగశాలను చూపించను. వార్డెన్ గదిలో బల్ల మీద పత్రాల కట్ట, పక్కన సిరా పెట్టె, బయట వరండాలో వరసగా నిలబడిన పిల్లలు, అంతే చాలు.

శారద_తెనాలి

భద్రాద్రి గారూ, మీరు చెప్పిన ఆ గది నన్ను ఆక్టేవియా బట్లర్ దగ్గరకు తీసుకువెళ్లింది. 1984లో వచ్చిన ‘బ్లడ్‌చైల్డ్’ కథలో జన్యువులను మార్చే యంత్రాలు లేవు కాబట్టి ఇది మన అంశంలోకి వస్తుందా అని కొందరు అడగవచ్చు. శరీరాన్ని మరొక జాతి సంతానోత్పత్తికి వాడుకొనే ఏర్పాటును అంత నిశితంగా చూపిన కథ మరొకటి నాకు తెలియదు, అందుకే తీసుకువస్తున్నాను.

భూమిని విడిచిపోయిన మనుషులు మరొక గ్రహం మీద ట్లిక్ అనే జాతి కాపుదలలో బతుకుతుంటారు. ప్రతిఫలంగా ప్రతి మనిషి కుటుంబం నుంచి ఒకరు ట్లిక్ గుడ్లను తమ శరీరంలో మోయాలి. గాన్ అనే కుర్రవాడు పుట్టకముందే ఆ పనికి నిశ్చయమైపోయాడు. అతన్ని ఎంచుకున్న టిగటోయ్ అనే ట్లిక్ ఆ ఇంటికి రాజకీయ రక్షకురాలు, తల్లికి చిన్ననాటి స్నేహితురాలు, గాన్‌ను ఎత్తుకొని పెంచినది. ఒకనాడు మరొక మనిషి శరీరాన్ని చీల్చి పురుగులను బయటికి తీయడాన్ని గాన్ కళ్లారా చూస్తాడు. తుపాకీ చేతిలోకి తీసుకుంటాడు. అతను కాదంటే ఆ భారం అక్క మీద పడుతుంది. చివరకు అతను ఒప్పుకుంటాడు, అయితే నిషేధించిన ఆ తుపాకీ ఇంట్లోనే ఉండాలని పట్టుబడతాడు.

ఇది బానిసత్వం గురించిన కథ కాదని బట్లర్ స్వయంగా చెప్పారు. దాన్ని ప్రేమకథగా, ఎదుగుదల కథగా, పురుషుడు గర్భం మోసే కథగా చూశారు. రచయిత మాటను గౌరవిస్తూనే నేను అడిగేది ఒక్కటే. కాదంటే అక్కకు వస్తుందని తెలిసిన వాడు అవునంటే, ఆ అవునుకు ఎంత బరువు ఉంటుంది? ప్రేమ అబద్ధమని బట్లర్ ఎక్కడా అనరు. టిగటోయ్ ప్రేమ నిజమే. నిజమైన ప్రేమ కూడా ఆ ఏర్పాటును నడిపించే ఇరుసు కావడం వల్ల ఈ కథ మరచిపోలేనిదైంది.

భద్రాద్రి

శారద గారూ, ఒక చోట మీతో విభేదిస్తాను. గాన్ తుపాకీని ఉంచుకున్నాడు కదా. ట్లిక్ కూడా అందుకు అంగీకరించింది, అంటే తన ప్రాణానికి ప్రమాదాన్ని ఒప్పుకుంది. కాదనే శక్తి ఒక వైపు ఏ కొంచెమైనా ఉంటేనే ఒప్పుదలకు అర్థం ఉంటుందని బట్లర్ చెబుతున్నట్లు నాకు అనిపించింది. మా హాస్టల్ పిల్లల చేతిలో అటువంటిది ఏమీ లేదు. అందుకే ఆ రెండింటినీ ఒకే త్రాసులో పెట్టలేను.

శారద_తెనాలి

మీరు చెప్పినది సరైన మాట. తుపాకీని నేను తిరుగుబాటు గుర్తుగా మాత్రమే చదివాను. దాన్ని ఒప్పందంలోని ఒక షరతుగా చదవాలని ఇప్పుడు తోస్తోంది. కథను మళ్లీ చదువుతాను.

పాతసంచిక

చర్చ నేను ఊహించిన దానికంటే చాలా దూరం వచ్చింది. నేను మొదట దోపిడి జరిగే చోటు చట్టమన్నాను. న్యాయస్థానం, అప్పు పుస్తకం, హాస్టల్ గది, చివరకు ఇంట్లోని ప్రేమ కూడా ఆ జాబితాలో చేరాయి. అన్ని చోట్లా ఏదో ఒక రూపంలో అంగీకారం ఉంది, దాన్ని ఎవరో ఒకరు మరొకరి తరఫున ఇచ్చారు, లేదా ఇవ్వక తప్పని స్థితిలో ఇచ్చారు. నడిగడ్డ గారిని ఒక ప్రశ్న అడగాలని ఉంది, అభ్యంతరం లేకపోతేనే జవాబివ్వండి. సీడ్ పత్తి చేలలో పనిచేసిన ఆ పిల్లల విషయంలో కాగితం ఎవరు రాశారు? సంతకం ఎవరిది?

నడిగడ్డ

అభ్యంతరం ఏమీ లేదు, పాతసంచిక గారూ. కంపెనీకి ఆర్గనైజరుతో కాగితం ఉండేది. ఊళ్లో రైతులను కూడగట్టి విత్తనం పండించే మధ్యవర్తిని మేము ఆర్గనైజరు అంటాము. ఆర్గనైజరు రైతుకు పెట్టుబడి ఇచ్చి పుస్తకంలో రాసుకునేవాడు. రైతు చాలామటుకు నాలుగైదు ఎకరాల వాడు, గింజ నాణ్యత పరీక్షలో తప్పితే ఆ సంవత్సరం మునిగిపోయేవాడు. ఆ రైతు క్రాసింగ్ కాలానికి ముందే పిల్ల తండ్రికి అడ్వాన్సు ఇచ్చేవాడు. పెళ్లికో, వైద్యానికో, తిండిగింజలకో ఆ డబ్బు అయిపోయేది. అక్కడికి కాగితం కూడా ఆగిపోయేది, నోటి మాటే.

మా ఇంటి పక్కన ఉండే పిల్ల, నాకంటే ఒక తరగతి కింద చదివేది, రెండేళ్లు అలాగే పనికి వెళ్లింది. ఆమెను ఎవరైనా అడిగారా అని మీరు నన్ను అడిగితే, ఒక్కటే గుర్తుంది. మొదటి రోజు చేలోకి దిగేటప్పుడు మేస్త్రీ ఆమెను దగ్గరకు పిలిచి, రెండు చేతులూ చాపమని, గోళ్లు చూశాడు. పొడుగ్గా ఉన్నాయి, మొగ్గ పాడుకాదు, సరిపోతుంది అన్నాడు. ఆమె చేతులు వెనక్కి తీసుకొని, వరస ఎక్కడి నుంచి మొదలుపెట్టాలని అడిగింది.